మట్టి కట్టని ఊపి చూపించే షేక్ టేబుల్ కిట్, ఏడాది వాడాక నా రివ్యూ

2024 డిసెంబర్ 4 పొద్దున 7:27కి ములుగు వైపు 5.3 భూకంపం వచ్చింది గుర్తుందా, హైదరాబాద్ నుంచి విజయవాడ దాకా ఇళ్ళల్లో ఫ్యాన్లు ఊగాయి, అపార్ట్‌మెంట్ల వాళ్ళు మెట్ల మీద పరిగెత్తుకుంటూ కిందకి దిగారు. ఆ రోజు నేను క్లాస్‌కి వెళ్ళేసరికి మా సివిల్ సెకండ్ ఇయర్ పిల్లలు ఒకటే గోల, సార్ సాగర్ డ్యామ్‌కి ఏం కాదు కదా అని. మాది నల్గొండ జిల్లాలో పాలిటెక్నిక్, సగం మంది పిల్లల ఊళ్ళు సాగర్ ఎడమ కాలువ కిందే, కాబట్టి ఆ ప్రశ్న వాళ్ళకి పరీక్షల ప్రశ్న కాదు. రాతి డ్యామ్ గట్టిగా ఉంటుందిలే అని ఏదో చెప్పబోయా, హాలియా వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి లేచి "రాతి డ్యామ్ కాదు సార్, పక్కన మట్టి కట్ట సంగతి అడుగుతున్నా" అంది. నిజమే, సాగర్‌లో ఫొటోల్లో కనపడే రాతి కట్టడం మధ్యలో ఉంటుంది, దానికి రెండు పక్కలా కలిపి మూడు కిలోమీటర్లకి పైనే మట్టి కట్ట ఉంది. భూకంపంలో మట్టి కట్ట ఎలా కదులుతుందో బోర్డు మీద గీసి చెప్పా గానీ, చెప్తుంటే నాకే తెలిసింది వాళ్ళ కళ్ళ ముందుకి ఏదీ రావట్లేదని.

అలా వెతికి వెతికి జనవరిలో ఈ కిట్ కొన్నాం. కంపెనీ పేరు రాయను, ఎందుకంటే నేను చెప్పబోయే లోపాలు కొన్ని మాకు వచ్చిన పీసు వరకే కావచ్చు, పైగా ఇలాంటివి నలుగురైదుగురు ఇంచుమించు ఒకే డిజైన్‌లో చేసి అమ్ముతున్నారు, కాబట్టి ఏది కొన్నా ఈ రివ్యూ మీకు పనికొస్తుంది. మాకు జీఎస్టీ, పార్సిల్ అన్నీ కలిపి 21 వేలు పడింది. వచ్చింది ఏంటంటే, పట్టాల మీద ముందుకి వెనక్కి జరిగే ఒక ఇనప ప్లాట్‌ఫాం, దాని కింద మోటారు, స్పీడ్ తిప్పే నాబ్, ఆర్‌పీఎం చూపించే చిన్న డిస్‌ప్లే, 90 సెంటీమీటర్ల పొడుగు 20 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న ఆక్రిలిక్ తొట్టి, తొట్టి అడుగున మూడు రంధ్రాలకి తగిలించిన సన్నటి గాజు గొట్టాలు, ఒక చెక్క పలక, ఒక చెక్క దిమ్మ, మట్టి కూరడానికి చిన్న దిమ్మిస, ఒక 12 పేజీల మాన్యువల్.

ముందు డబ్బు సంగతి తేల్చేస్తా, చాలామంది అదే అడుగుతారు. కొనొచ్చా అంటే కొనొచ్చు, కానీ ఆ మూడు గాజు గొట్టాలు లేని మోడల్ ఇంకో నాలుగు వేలు తక్కువకి వస్తుంది, అది మాత్రం ఎంత చౌకగా వచ్చినా కొనకండి. ఎందుకో కింద చెప్తాను, అసలు నేను ఈ రివ్యూ రాయడానికి కారణమే ఆ గొట్టాలు.

బాక్స్ మీద "1 జి వరకు కుదుపు" అని పెద్దగా రాసుంది. జి అంటే భూమి ఆకర్షణ వల్ల వచ్చే త్వరణం, భూకంపం కుదుపుని దాంట్లో ఇన్నో వంతు అని చెప్తారు. ఈ మిషన్‌లో క్రాంకు 5 మిల్లీమీటర్లు, అంటే టేబుల్ అటు 5 ఇటు 5 జరుగుతుంది, అది మార్చడానికి లేదు, స్పీడ్ ఒక్కటే మార్చగలం. లెక్క వేసుకుంటే 180 ఆర్‌పీఎం దగ్గర 0.18 జి వస్తుంది, 240 దగ్గర 0.32, 300 దగ్గర సగం జి, పూర్తి 1 జి రావాలంటే 420 దాకా తిరగాలి. ఖాళీ టేబుల్ అయితే 420 తిరుగుతుంది, అబద్ధం కాదు. కానీ తొట్టి పెట్టి, 20 కిలోల తడి ఇసుకతో కట్ట వేసి, నీళ్ళు పోసాక మోటారు 300 దాటి పోదు, ఇంకా తిప్పితే కాలిన వాసన వస్తుంది. టేబుల్ మీద ఫోన్ టేపుతో అంటించి యాప్‌లో కూడా చూసాం, 0.5 దగ్గరే ఆగింది. అంటే మట్టి కట్ట పని కోసం కొనేవాళ్ళకి ఇది సగం జి మిషన్. మా అవసరానికి అది చాలు, నిజానికి సరదా అంతా 0.2, 0.3 దగ్గరే జరుగుతుంది, కానీ బాక్స్ మీద లోడ్‌తో ఎంతో కూడా రాయాల్సింది.

మొదట చెక్క దిమ్మ ప్రయోగం చేసాం, ఇది అందరూ ముందు చేయాలి, తేలిక, నీళ్ళు అక్కర్లేదు, పది నిమిషాల పని. పలక మీద గరుకు కాగితం అంటించి దిమ్మ పెట్టి మెల్లగా వంచితే 30 డిగ్రీల దగ్గర దానంతట అదే జారింది. తర్వాత పలకని 20 డిగ్రీలకి తగ్గించి టేబుల్ మీద బిగించాం. ఇప్పుడు దిమ్మ కదలకుండా కూర్చుంటుంది, దాన్ని కదిలించాలంటే బయట నుంచి కుదుపు కావాలి, ఎంత కావాలి అంటే మిగిలిన 10 డిగ్రీల ట్యాంజెంట్ అంత, అంటే దాదాపు 0.18 జి. పిల్లలతో ముందే ఈ లెక్క వేయించి, ఆర్‌పీఎం ఎంత దగ్గర జారుతుందో నోట్‌బుక్‌లో రాయమన్నా. నాబ్ తిప్పుతూ పోతే 170 దాకా దిమ్మ ఊగుతోంది గానీ జారట్లేదు, 180 దాటి 190 వైపు వెళ్ళేసరికి చాక్‌పీసు గీత నుంచి ఒక వెంట్రుక వాసి కిందకి వచ్చింది, ప్రతి కుదుపుకీ ఇంకొంచెం, ఇంకొంచెం. మోటారు ఆపేస్తే అక్కడే ఆగిపోయింది. క్లాసులో చప్పట్లు కొట్టారు, లెక్క వేసిన చోటే జారింది కదా మరి.

మట్టి కట్టల భూకంప లెక్కల్లో ఇది అసలు పునాది లాంటి ఆలోచన. 1965లో న్యూమార్క్ అనే ఇంజినీరు, మట్టి ఇంజినీరింగ్ మీద ఏటా జరిగే ర్యాంకిన్ లెక్చర్ అనే పేరున్న ఉపన్యాసంలో ఇదే చెప్పాడు. అప్పటిదాకా అందరూ కట్ట ఆగుతుందా ఆగదా అని ఒకే ప్రశ్న వేసేవాళ్ళు, సేఫ్టీ ఫ్యాక్టర్, అంటే జారకుండా ఆపే బలాన్ని జార్చే బలంతో భాగిస్తే వచ్చే అంకె, ఒకటి కన్నా తగ్గితే పోయినట్టే అని. ఆయన ఏమన్నాడంటే, భూకంపంలో కుదుపు ఒక వైపు ఉండేది క్షణంలో ముక్కసేపు, ఆ ముక్కసేపు సేఫ్టీ ఫ్యాక్టర్ ఒకటి కన్నా తగ్గినా కట్ట కొంచెం జారుతుంది, కుదుపు తిరగబడగానే ఆగుతుంది, కాబట్టి అడగాల్సింది జారుతుందా అని కాదు, మొత్తం కలిపి ఎంత జారుతుంది అని. పది సెంటీమీటర్లు జారితే కట్ట పైన పగుళ్ళు వస్తాయి, బాగుచేసుకుంటాం. మూడు మీటర్లు జారితే నీళ్ళు కట్ట మీద నుంచి దొర్లుతాయి. ఈ తేడా మా పిల్లలకి చెక్క దిమ్మతో అర్థమైనంత బాగా నా పదేళ్ళ బోర్డు పాఠంతో అర్థం కాలేదు, ఈ ఒక్క దానికి కిట్‌కి ఫుల్ మార్కులు.

కానీ మాన్యువల్ ఇక్కడితో ఆగిపోయింది, నాకు కోపం వచ్చింది కూడా ఇక్కడే. తొట్టిలో ఇసుక కట్ట వేయండి, ఊపండి, కూలుతుంది, చూడండి అని రెండు పేజీలు, అంతే. నీళ్ళు పోయమని ఒక్క వాక్యం లేదు. గాజు గొట్టాలు ఎందుకు ఇచ్చారో కూడా రాయలేదు, పార్ట్‌ల లిస్టులో "ట్యూబ్ 3 నంబర్లు" అని ఉంది అంతే. పొడి ఇసుక కట్టని 300 దగ్గర అర నిమిషం ఊపితే ఏమవుతుందో చూసాం, వాలు కాస్త పల్చబడుతుంది, పైన ఒక సెంటీమీటరు దిగుతుంది, గట్టి మనిషి కూర్చున్నట్టు కూర్చుంటుంది. దీన్ని చూసి పిల్లలు భూకంపం వస్తే మట్టి కట్టకి ఏం కాదు అని ఇంటికి వెళ్తారు, అది చాలా తప్పు పాఠం. కట్ట అనేది నీళ్ళని ఆపడానికి కదా, నీళ్ళు లేని కట్టని ఊపి ఏం నేర్పుతాం.

అందుకని మేమే చేసుకున్నాం. సన్నటి ఏటి ఇసుక జల్లెడ పట్టి, తొట్టిలో ముందు నీళ్ళు పోసి ఆ నీళ్ళల్లోకి ఇసుకని గరాటుతో నెమ్మదిగా వదిలాం, దిమ్మిసతో కూరలేదు, అలా పడితే ఇసుక వదులుగా కూర్చుంటుంది. కట్ట ఎత్తు 15 సెంటీమీటర్లు, పైన 6 వెడల్పు, రెండు పక్కలా ఒకటికి రెండు వాలు. లోపలి వైపు 11 సెంటీమీటర్ల దాకా నీళ్ళు. గొట్టాల్లో నీళ్ళకి ఎర్ర సిరా కలిపాం, లెవెల్ కనపడేలా వెనక తెల్ల కాగితం మీద సెంటీమీటర్ గీతలు గీసి అంటించాం. 240 ఆర్‌పీఎం, పది సెకన్లు.

మొదటి రెండు సెకన్లు ఏమీ లేదు. తర్వాత మధ్య గొట్టంలో సిరా పైకి లేచింది. అది మెల్లగా పాకలేదు, ఎవరో కింద నుంచి ఊదినట్టు లేచింది. ఆ గొట్టం రంధ్రం మీద 10 సెంటీమీటర్ల ఇసుక ఉంది, నీళ్ళల్లో ఉన్న వదులు ఇసుక బరువు దాదాపు 9 సెంటీమీటర్ల నీళ్ళ బరువుతో సమానం అనుకోవచ్చు, గొట్టం 8 సెంటీమీటర్లు లేచింది. అంటే పైన ఉన్న ఇసుక బరువంతా దాదాపుగా ఇసుక రేణువులు మోయట్లేదు, రేణువుల మధ్య ఇరుక్కున్న నీళ్ళు మోస్తున్నాయి. రేణువుకి రేణువుకి మధ్య ఒత్తిడి లేకపోతే రాపిడి ఉండదు, రాపిడి లేని ఇసుక ఇసుకే కాదు, పల్చటి జావ. లోపలి వైపు వాలు అలాగే జావలా నీళ్ళల్లోకి సాగిపోయింది, కట్ట పైభాగం దాన్ని వెంబడించి ఒరిగింది, కదలిక తెలియడానికి కట్ట పైన మేం గుచ్చిన అగ్గిపుల్లల్లో నాలుగు మాయం. మోటారు ఆపేసాం.

ఆపేసాక కూడా జారింది. ఎంతో కాదు, ఇంకో రెండు సెకన్లు, ఒక వేలెడు. మా ల్యాబ్ అటెండర్ అన్న ముప్పై ఏళ్ళ సర్వీసు, ఆయన తొట్టి దగ్గరికి వంగి "మోటర్ బంద్ చేసినం గద సార్, ఇంకెందుకు జారుతుంది?" అన్నాడు. ఆయన అడిగినప్పుడు కాలి వైపు, అంటే వాలు అడుగున ఉన్న మూడో గొట్టం చూపించా. మధ్య గొట్టం దిగుతోంది, మూడోది ఇంకా ఎక్కుతోంది. లోపల ఇరుక్కున్న నీళ్ళు బయటికి పోవడానికి దారి వెతుక్కుంటూ వాలు అడుగుకి వస్తున్నాయి, వచ్చిన చోటల్లా ఇసుకని వదులు చేస్తున్నాయి. అన్నీ మామూలు లెవెల్‌కి రావడానికి 20 సెకన్లు పట్టింది. ఆ 20 సెకన్లూ ల్యాబ్‌లో ఎవరూ మాట్లాడలేదు.

ఇది ఏదో బొమ్మ తొట్టిలో జరిగే వింత కాదండీ. 1971 ఫిబ్రవరి 9 పొద్దున ఆరింటికి లాస్ ఏంజిలిస్ పక్కన శాన్ ఫెర్నాండోలో భూకంపం వచ్చింది, అక్కడ లోయర్ శాన్ ఫెర్నాండో డ్యామ్ అని 43 మీటర్ల మట్టి కట్ట, 1912 నుంచి కట్టింది. దాన్ని రోలర్లతో తొక్కించలేదు, రిజర్వాయర్ అడుగు మట్టినే నీళ్ళతో కలిపి గొట్టాల్లో పారించి పోసారు, బరువు ఇసుక బయట, సన్న మట్టి మధ్యలో కూర్చునేలా. అప్పట్లో చౌక పద్ధతి అది. మేం తొట్టిలో నీళ్ళల్లోకి గరాటుతో ఇసుక వదిలామే, పెద్ద ఎత్తున అదే పని. భూకంపానికి లోపలి వైపు వాలు మొత్తం, కట్ట పై కొసతో సహా రిజర్వాయర్‌లోకి జారిపోయింది. నీళ్ళకీ మిగిలిన పగుళ్ళ మట్టి కొసకీ మధ్య మిగిలిన ఎత్తు ఒకటిన్నర మీటరు. ఆ రోజు నీళ్ళు కట్ట పై నుంచి 11 మీటర్లు కిందకి ఉండబట్టి సరిపోయింది, కట్ట కింద ఉన్న 80 వేల మందిని ఖాళీ చేయించి, నీళ్ళు దించేదాకా ఇళ్ళకి రానివ్వలేదు. కట్ట పైన ఉన్న కుదుపు రికార్డు చేసే పరికరం కూడా మట్టితో పాటు జారింది, తర్వాత దాని గీతలు చదివి బర్క్‌లీ ప్రొఫెసర్ సీడ్ వాళ్ళు తేల్చింది ఏంటంటే, పెద్ద జారుడు మొదలైంది కుదుపు ఆగిపోయిన దాదాపు అర నిమిషానికి. మా అటెండర్ అన్న అడిగిన ప్రశ్న అదే ప్రశ్న. ఆ కథ చెప్పినప్పుడు ఆయన మొహం చూడాల్సింది.

దాని బదులు దగ్గర్లోనే లాస్ ఏంజిలిస్ డ్యామ్ అని కొత్తది పొరలు పొరలుగా తొక్కించి కట్టారు. 1994లో నార్త్‌రిడ్జ్ భూకంపం అక్కడే వచ్చింది, అది సుమారు 9 సెంటీమీటర్లు దిగింది, జానెడు కూడా కాదు. అదే లోయ, అదీ మట్టి కట్టే, తేడా కట్టిన తీరులో ఉంది.

ఆ తేడా కిట్‌లో చూపించడానికి ఇంకో రోజు పూర్తిగా పట్టింది. ఊరి చెరువు నుంచి తెచ్చిన బంకమట్టితో మధ్యలో హార్టింగ్, అంటే నీళ్ళని దాటనివ్వని గోడ లాంటిది వేసి, రెండు పక్కలా దాన్ని కాపాడేలా గరుసు కలిసిన మట్టితో కేసింగ్, రెండేసి సెంటీమీటర్ల పొర వేసి, సరిపడా తడి చేసి, ఒక్కో పొరకి దిమ్మిసతో పాతిక దెబ్బలు. అసలు సైట్‌లో ఇదే పని షీప్‌ఫుట్ రోలర్, అంటే డ్రమ్ము నిండా గొర్రె గిట్టల్లాంటి ముక్కలు పొడుచుకొచ్చి ఉండే రోలర్ చేస్తుంది, తేమ ఎంత ఉండాలో ప్రాక్టర్ టెస్ట్ చేసి చెప్తారు. దీన్ని 300 దగ్గర పూర్తి సగం జితో అర నిమిషం ఊపాం. వాలు జారలేదు. గొట్టాల్లో సిరా కొద్దిగా వణికింది అంతే. కానీ కట్ట పైన నిడివి పొడుగునా ఒక సన్నటి పగులు వచ్చింది, గోరు పట్టేంత. ఆ పగులు చాలా ముఖ్యం, ఫర్వాలేదులే అనుకునేది కాదు. పగులు నీటి మట్టం కిందకి దిగితే దాంట్లోంచి నీళ్ళు దూరి, రోజులు గడిచాక బుంగ పడుతుంది, బుంగ పెరిగితే గండి. అందుకే భూకంపం తర్వాత కట్ట నిలబడింది కదా అని వదిలేయకూడదు, ముందు నీళ్ళు కొంత దించి పగులు ఎంత లోతో తవ్వి చూడాలి.

మన దేశంలో దీనికి పెద్ద పాఠం కచ్ఛ్. 2001 జనవరి 26 భుజ్ భూకంపంలో అక్కడ చాంగ్, శివలఖా, సూవి, తప్పర్, ఫతేగఢ్, కస్వతి, రుద్రమాత, ఇలా ఎన్నో మట్టి డ్యాములు దెబ్బతిన్నాయి, చాలావాటికి కట్ట పైన పొడుగునా పగుళ్ళు, లోపలి వాలు కిందకి కుంగడం. చాంగ్ అయితే రూపు లేకుండా పరుచుకుపోయింది. వరుసగా వానలు లేని సంవత్సరాలు కాబట్టి రిజర్వాయర్లు దాదాపు ఖాళీగా ఉన్నాయి, లేకపోతే వరద కూడా తోడయ్యేది. మరి నీళ్ళు లేకపోతే ఎందుకు జారింది అంటే, పైన నీళ్ళు లేకపోయినా కట్ట కింద పునాదిలో ఉన్న ఒండ్రు ఇసుక తడిసే ఉంది. కట్ట ఎంత గట్టిగా తొక్కించినా అది కూర్చున్న నేల జావ అయిపోతే పైది ఏం చేస్తుంది. ఇది కూడా తొట్టిలో చేసాం, అడుగున 5 సెంటీమీటర్లు వదులు తడి ఇసుక, దాని మీద గట్టి కట్ట. కట్ట ముక్కలు ముక్కలుగా విడి, ఒక్కో ముక్కా గట్టిగానే ఉండి, రెండు పక్కలకీ పడవల్లా జరిగింది. ఈ కిట్‌తో చేసిన వాటిల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే, వీడియో తీసి పిల్లలకి పంపా.

రిజర్వాయర్ నిండుగా ఉన్నప్పుడు వస్తే ఏమవుతుందో జపాన్‌లో చూసారు. 2011 మార్చి 11 భూకంపంలో ఫుకుషిమా ప్రాంతంలో ఫుజినుమా అనే 18.5 మీటర్ల కట్ట తెగింది, 1937లో మొదలుపెట్టి 1949లో పూర్తిచేసింది, వరి పొలాలకి నీళ్ళు పెట్టే చెరువు లాంటిది, నాట్ల కోసం నింపి పెట్టారు. కింద ఊళ్ళో ఎనిమిది మంది పోయారు. ఆ రోజు అందరి కళ్ళూ సునామీ మీద ఉన్నాయి, దీని గురించి విన్నవాళ్ళు తక్కువ. చెరువు కింద పొలం ఉన్న పిల్లలకి మాత్రం ఇది చెప్పగానే తగిలింది.

ఇప్పుడు ఈ కిట్ చేయలేనివి చెప్తా, కొనేముందు తెలియాలి. ఇది చూపించేది ఒకేలా ఊగే ఊపు. అసలు భూకంపం అలా ఉండదు, ఒకటి పెద్దది రెండు చిన్నవి, మధ్యలో అడ్డదిడ్డం. భుజ్ భూకంపానికి దాదాపు 240 కిలోమీటర్ల దూరంలో అహ్మదాబాద్‌లో ఒక రికార్డు దొరికింది, గరిష్ఠం 0.11 జి, అలాంటి రికార్డుని ఈ టేబుల్‌లో ప్లే చేయడం కుదరదు, దానికి సర్వో మోటారు టేబుల్ కావాలి, అది లక్షల్లో మాట. ఇంకోటి, తొట్టిలో వచ్చిన అంకెని తీసుకుని అసలు డ్యామ్‌కి అంటగట్టకండి. 15 సెంటీమీటర్ల కట్టలో మట్టి మీద బరువు ఏమీ ఉండదు, అంత తక్కువ బరువు కింద ఇసుక ప్రవర్తన వేరు. అందుకే పెద్ద రీసెర్చ్‌లో మోడల్‌ని సెంట్రిఫ్యూజ్‌లో గిర్రున తిప్పి బరువు పెంచి అప్పుడు ఊపుతారు, మన దగ్గర ఐఐటీ బాంబేలో పెద్ద సెంట్రిఫ్యూజ్ ఉంది. నీళ్ళు బయటికి పోయే టైం కూడా వేరు, అది ఎత్తు వర్గంతో పెరుగుతుంది. మా తొట్టిలో 20 సెకన్లు పట్టింది కదా, అదే ఇసుకతో 15 మీటర్ల కట్ట అయితే ఎత్తు వంద రెట్లు, టైం పదివేల రెట్లు, రెండు లక్షల సెకన్లు, అంటే రెండు రోజుల పైన. ఈ లెక్క బోర్డు మీద వేసినప్పుడు హాలియా అమ్మాయి అడిగింది, మరి భూకంపం అయిపోయాక రెండు రోజుల దాకా కట్ట దగ్గరికి ఎవరూ పోకూడదా అని. అదే ఇసుక, అంతే వదులుగా ఉంటే అవును, కట్ట మీద మనుషులు గుమిగూడి ఫొటోలు దిగకూడదు, చూడాల్సిన ఇంజినీర్లు మాత్రం జాగ్రత్తగా చూడాలి అన్నా.

సాగర్ సంగతి మళ్ళీ అడిగారు. ఈ కిట్ సాగర్‌కి జవాబు చెప్పదు, అలా ఎవరైనా చెప్తే నమ్మకండి. ఇది చెప్పేది ఏ ప్రశ్నలు అడగాలో. కట్ట దేంతో వేసారు, ఎలా తొక్కించారు, కింద పునాదిలో వదులు ఇసుక ఉందా, కటాఫ్ ట్రెంచ్, అంటే కింద నుంచి ఊట రాకుండా కట్ట అడుగున తవ్వి బంకమట్టి నింపే కందకం, గట్టి నేల దాకా వెళ్ళిందా, ఊట నీళ్ళు రాక్ టో, అంటే బయటి వాలు అడుగున పేర్చిన రాళ్ళ దగ్గర తేటగా వస్తున్నాయా బురదగా వస్తున్నాయా. మన పెద్ద ప్రాజెక్టుల మట్టి కట్టలు రోలర్లతో పొరలుగా తొక్కించినవి, మన దగ్గర భూకంపాలు కచ్ఛ్ అంత పెద్దవి కావు, ఆ ధైర్యం ఉంది. కానీ 1967లో ఒంగోలు, 1969లో భద్రాచలం, మొన్న ములుగు, అసలు రానే రావు అనడానికి లేదు. ఊరి చెరువు కట్టల గురించి నాకు కాస్త ఎక్కువ బెంగ, వాటికి డ్రాయింగులు ఉండవు, తరతరాలుగా ఎవరికి దొరికిన మట్టి వాళ్ళు పోసారు, మరమ్మతు చేసేటప్పుడు కొత్త మట్టి పాత వాలు మీద అలా గుమ్మరించి వదిలేస్తే ఆ రెండిటి మధ్య అతుకే జారే దారి అవుతుంది. పాత వాలుని మెట్లు మెట్లుగా కోసి కొత్త పొర కలిపి తొక్కించాలి. ఇది తొట్టిలో రెండు రకాలుగా వేసి చూసాం, మెట్లు కొట్టనిది 200 దగ్గర పెచ్చులా ఊడింది, కొట్టింది 300 దాకా ఆగింది. ఎవరైనా చెరువు పని చేసే కాంట్రాక్టర్లు ఇది చదువుతుంటే దయచేసి ఆ మెట్లు మానొద్దు.

నాణ్యత సంగతి. పట్టాలు, బేరింగులు బాగున్నాయి, ఏడాదిలో ఒక్కసారి గ్రీజు పెట్టాం అంతే. క్రాంకు పిన్ను నట్టు మాత్రం నాలుగో రోజే వదులైంది, పిల్లల మీదకి ఎగిరి ఉంటే ఏమయ్యేదో, ఇప్పుడు నైలాక్ నట్టు, అంటే లోపల నైలాన్ రింగు ఉండి ఊపుకి వదులవ్వనిది వేసాం, మీరు మొదటి రోజే వేయండి. ఆక్రిలిక్ తొట్టి మూల అతుకు దగ్గర నెలలోపు కారింది, ఫోన్ చేస్తే అమ్మినవాళ్ళు తప్పు ఒప్పుకుని సిలికాన్ ట్యూబ్, ఒక ఎక్స్‌ట్రా గాజు గొట్టం కొరియర్ చేసారు, ఆ మర్యాద నచ్చింది. మాన్యువల్ గురించి నేను చెప్పింది కూడా ఓపిగ్గా విన్నారు, తర్వాతి బ్యాచ్‌లో నీళ్ళ ప్రయోగం కలుపుతాం అన్నారు, కలిపారో లేదో కొనేటప్పుడు అడగండి. మోటారుకి అదనపు సేఫ్టీ లేదు, నీళ్ళ దగ్గర కరెంటు కాబట్టి ఈఎల్‌సీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్ ఉన్న బోర్డు మీదే వాడాలి, ఇది మాత్రం కచ్చితం.

కిట్‌తో రానివి, విడిగా కొనాల్సినవి కూడా ఉన్నాయి. సన్న జల్లెడ ఒకటి, గరాటు, ఎర్ర సిరా, ఇసుక ఆరబెట్టడానికి రెండు పెద్ద ట్రేలు. ప్రతిసారీ తొట్టి ఖాళీ చేసి ఇసుక ఆరబెట్టి మళ్ళీ వేయాలంటే పూట పడుతుంది, ఒక పీరియడ్‌లో అయ్యే పని కాదు, ముందు రోజు సాయంత్రమే కట్ట వేసి పెట్టుకోవాలి. వదులుగా వేసిన కట్టని రాత్రి ఎవరూ తొట్టి తగలకుండా చూసుకోవాలి, ఒకసారి ఎవరో బల్ల జరిపితే పొద్దునకి ఇసుక గట్టిపడిపోయి ప్రయోగం పాడైంది.

అయిదుకి నాలుగు ఇస్తా. ఒక మార్కు తగ్గించింది మాన్యువల్‌కి, లోడ్ గురించి రాయనందుకు. ఈ వారం థర్డ్ బ్యాచ్‌కి పునాది ఇసుక ప్రయోగం ఉంది, అటెండర్ అన్న నిన్న సాయంత్రం నుంచే ఇసుక జల్లెడ పట్టి ట్రేలలో ఆరబెట్టాడు, ఈసారి ఒండ్రు కొంచెం కలిపి చూద్దాం సార్, సిరా దిగడానికి ఎంతసేపు పడుతుందో అన్నాడు. స్టాప్‌వాచ్ ఆయనకే ఇస్తున్నా.